జాలపుటలలో తాళపత్ర చిత్రమాలికలు : దాపునిల్వ, ముందుదింపు

తాళపత్ర గ్రంథమును చేతబట్టి చదివినవారికి ఒక సంగతి అనుభవవేద్యము. త్రాడు సడలించి ఒక ఆకును తిప్పునప్పుడు దాని క్రింది ఆకు అప్పటికే చేతిక్రింద సిద్ధముగా నుండును. వాక్యము ఒక ఆకు చివర తెగి మఱియొక ఆకు మొదట అందుకొనును. సమాసము సగము ఇటు, సగము అటు నుండును. పద్యపాదము యతిస్థానమునకు ముందే విఱిగి పోవచ్చును. అయినను చదువరి బుద్ధికి తెగుదల తోచదు. అదే గ్రంథము ఛాయాచిత్రములుగా మాఱి అంతర్జాలమున నిలిచినప్పుడు సమాసపు పూర్వభాగము చదివి మీట నొక్కినవాడు తెల్లని చట్రమును, అందు గిఱగిఱ తిరుగు చిన్న చక్రమును చూచుచు కూర్చుండవలసి వచ్చుచున్నది. ఉత్తరభాగము వచ్చునప్పటికి పూర్వభాగము మనస్సున చెదరును. వెనుకకు పోయి చూతమన్నచో ఆ చక్రమే మరల తిరుగును.

ఇది కేవలము యంత్రజ్ఞుల వ్యవహారమనియు, భాషాపండితులకు దీనితో పనిలేదనియు తలచువారు పెక్కుమంది కలరు. ఆ తలపు సరికాదు. విశ్వవిద్యాలయ శాఖలు, ప్రాచ్యలిఖిత గ్రంథాలయములు తమ నిధులను జాలపుటలపై నుంచుచున్న కాలమిది. 2003లో జాతీయ లిఖితగ్రంథ సంస్థ ఏర్పడినది. 2025 కేంద్ర బడ్జెట్టు ప్రసంగములో జ్ఞానభారతమను కార్యక్రమమును ప్రకటించి, కోటికి మించిన లిఖితగ్రంథములు దాని పరిధిలోనికి వచ్చునని చెప్పిరి. ఛాయాచిత్రములు తీయుట ఒక పని; తీసిన వానిని చదువరి కంటికి చేర్చుట వేఱొక పని. మొదటి దానిపై చర్చలు, నియమావళులు, శిక్షణ తరగతులు కలవు. రెండవదానిని గుత్తకు తీసికొన్న సంస్థ ఏది ఇచ్చిన నదియే ప్రమాణమై పోవుచున్నది. పాఠపరిష్కర్త చివరకు చూచునది గ్రంథము కాదు, ఛాయాచిత్రము కూడ కాదు; బ్రౌజరు ఆ క్షణమున తెరపై చూపిన బొమ్మ. ఆ బొమ్మ ఎక్కడినుండి వచ్చినది, ఎప్పటిది, పూర్తిగా వచ్చినదా లేదా అను ప్రశ్నలు పాఠనిర్ణయమునకు సంబంధించినవే.

స్లైడరు అనబడు చిత్రమాలికలో బొమ్మలు ఒకదాని వెనుక నొకటి వరుసగా నుండి, మీట నొక్కగా ఒకటి తొలగి రెండవది దాని చోటికి వచ్చును. దీనిని నడుపు ఉపాయములు రెండు. ఒకసారి దించుకొన్న బొమ్మను చదువరి యంత్రముననే దాచియుంచి మరల అడిగినప్పుడు అక్కడినుండియే చూపుట మొదటిది. దీనిని క్యాష్ అందురు. చదువరి అడుగకమునుపే తరువాతి బొమ్మను తెప్పించి యుంచుట రెండవది. దీనిని ప్రీలోడింగు అందురు.

మొదటి మాట చరిత్ర కొంత వినదగినది. కంప్యూటరు స్మృతిలో పెద్దదియు మందమైనదియు ఒకటి, చిన్నదియు వడిగలదియు మఱియొకటి యుంచి, తఱచు కావలసిన వానిని చిన్నదానిలో నిలుపు పద్ధతిని గూర్చి మారిస్ విల్క్స్ 1965లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన ఆ చిన్న స్మృతికి దాస్యవాచకమైన పేరు పెట్టెను. అది నిలువలేదు. 1968లో ఐ.బి.ఎం. వారి సిస్టం 360 యంత్రములలో 85వ నమూనాను వర్ణించుచు ‘క్యాష్’ అను పదమును వాడిరి, అదియే స్థిరపడినది. దాచుట అను నర్థముగల ఫ్రెంచి ధాతువునుండి పుట్టిన మాట యిది. తెలుగున దీనిని యథాతథముగా వ్రాసినచో రొక్కమునకు వాడు క్యాష్ అను మాటతో కలసిపోవును. బ్రౌజరులో క్యాష్ ఖాళీ చేయుమన్నచో సామాన్యుడు ఉలికిపడుటలో వింతలేదు. ‘దాపు’ అను దేశ్యపదము ఇచ్చట చక్కగా నప్పును. దాచు ధాతువుతో చుట్టఱికము స్ఫురించుటే కాక, దాపున అన్నప్పుడు దగ్గఱ అను నర్థము కూడ కలదు. దూరపు సర్వరులో నున్నదానిని దగ్గఱ దాచుకొనుటయే కదా యిచ్చటి పని. రెండు అర్థములు నొక్క మాటలో నిమిడినవి. అందుచే ఇకమీద దాపునిల్వ, ముందుదింపు అను మాటలే యిచ్చట వాడబడును.

దాపునిల్వ ఎట్లు నడచునో స్థూలముగా తెలిసికొనుట అవసరము. సర్వరు ఒక బొమ్మను పంపునప్పుడు దానితో ఒక ఆజ్ఞాపత్రమును కూడ పంపును. ఇది ఇన్ని సెకండ్లవరకు తాజాగా నున్నట్లే భావింపుమని అందు చెప్పవచ్చును. ఏడాది గడువీయదలచినచో 3,15,36,000 సెకండ్లని వ్రాయుట వాడుక. ఆ గడువు తీరువరకు బ్రౌజరు సర్వరును మరల పలుకరింపనక్కఱలేదు. గడువు తీరినపిమ్మట బొమ్మకు సర్వరు ఇచ్చిన గుర్తును తిరిగి పంపి, ఇది మాఱినదా అని అడుగును. మాఱలేదన్నచో 304 అను సంఖ్యతో చిన్న జవాబు వచ్చును. బొమ్మ మరల ప్రయాణము చేయదు. ఈ నియమములన్నియు 2022 జూనులో వెలువడిన 9111వ ఆర్.ఎఫ్.సి. పత్రమున క్రోడీకరింపబడినవి.

ఈ ఆజ్ఞలలో ఒకదాని పేరు శబ్దార్థవిచారము చేయువారికి నవ్వు పుట్టించును. ‘నో-క్యాష్’ అను ఆజ్ఞకు దాచకుము అని అర్థము కాదు. దాచుకొనవచ్చును గాని ప్రతిసారి అడిగి వాడుము అని అర్థము. దాచవలదని చెప్పుటకు ‘నో-స్టోర్’ అను వేఱొక ఆజ్ఞ కలదు. ముఖ్యార్థమును బాధించి లక్షణ కూడ కాని యర్థమును స్థాపించిన ఈ ప్రయోగమువలన ఎన్ని జాలపుటలు చిక్కులపాలైనవో చెప్పలేము. గ్రంథాలయాధికారి ఒకటి కోరును, నిర్మాత మఱియొకటి వ్రాయును.

ఇక ముందుదింపు. ఇచ్చట ఆశకు హద్దు లేకపోవుటయే ప్రమాదము. 120 ఆకుల గ్రంథమున్నదనుకొందురు గాక. రెండు వైపులకు 240 బొమ్మలు. ఒక్కొక్కటి 2 మెగాబైట్లున్నచో మొత్తము 480 మెగాబైట్లు. చదువరి మొదటి ఆకు తెఱవగానే అన్నింటిని తెప్పించు చిత్రమాలికలు కలవు; సెకండుకు 8 మెగాబిట్ల వడి గల మార్గమున ఇది ఎనిమిది నిమిషముల పని. అందులో చదువరి చూడదలచినది ఒక్క పుష్పిక, అనగా చివరి ఆకు, కావచ్చును. వరుసలో 240వ బొమ్మ అన్నింటికంటె చివర వచ్చును. వేగముకొఱకు చేసిన పని వేగమునకే అడ్డు వచ్చినది. ఊరికి దూరమున వసతిగృహములో చేతిఫోనుతో చదువుకొను విద్యార్థికి ఇది దినమునకు లభించు డేటానంతయు ఒక్క గ్రంథపు గుమ్మమున పోగొట్టుకొనుట యగును. కాశీలోనో ఢిల్లీలోనో తెలుగు పరిశోధన చేయు విద్యార్థికి చెన్నపట్టణమునకో తంజావూరికో పోయి గ్రంథమును చూచి వచ్చు ధనము, సెలవు దొరకుట అరుదు. వానికి జాలపుటయే గ్రంథాలయము. వాని స్థితిని బట్టియే ఈ విషయమున తీర్పు చెప్పవలెను గాని, తంతి నేరుగా గోడలోనికి వచ్చిన కార్యాలయములో కూర్చున్న నిర్మాత అనుభవమును బట్టి కాదు.

మంచి గ్రంథాలయములో కట్టలు తెచ్చి యిచ్చు పరిచారకుడు ఏమి చేయును? ఒక కట్ట చదువుచున్న పండితుని ముఖము చూచి, తరువాతి కట్టను బల్లప్రక్కకు తెచ్చి పెట్టును. బీరువా నంతయు తెచ్చి ఆయనపై కుమ్మరింపడు. చిత్రమాలిక కూడ అట్లే నడువవలెను. తెఱచిన ఆకు మొదట పూర్తిగా రావలెను. అది వచ్చినపిమ్మటనే చదువరి పోవుచున్న దిక్కున రెండు బొమ్మలు, వెనుక ఒకటి తెప్పించవలెను. చదువునకు సరిపోవు పరిమాణములో బొమ్మను 200 కిలోబైట్లకు తగ్గించినచో, పై మార్గముననే ఒక్కొక్కటి సెకండులో అయిదవ వంతున వచ్చును. ముందు దించునది మొత్తము 600 కిలోబైట్లు మాత్రమే. చదువరి ఒక్కసారిగా 87వ ఆకునకు దుమికినచో మునుపటి కోరికలను విడిచి అచ్చటినుండి మరల ఆరంభింపవలెను. డేటా పొదుపుగా వాడుమని చదువరి తన బ్రౌజరుకు చెప్పియుంచినచో కొన్ని బ్రౌజర్లు ఆ మాటను సర్వరుకు చేరవేయును. దానిని మన్నించి ముందుదింపును మానుట కష్టమైన పని కాదు. మన్నించువారు మాత్రము తక్కువ.

శాఖల ముఖపుటలపై తమంతట తామే జాఱుచుండు స్వాగత చిత్రములను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. భవనము, ఉపాధ్యక్షుల సన్మానము, సదస్సు, వృక్షారోపణము: ఇట్టి పది పెద్ద బొమ్మలు కనబడకున్నను దిగుచునే యుండును, ఏలయన తెరచాటున నున్నను బొమ్మను తెప్పించుట బ్రౌజరుల స్వభావము. అవసరము పడువరకు ఆగుమను లక్షణమును 2019లో క్రోము, 2020లో ఫైర్‌ఫాక్సు, 2022లో సఫారి స్వీకరించినవి గనుక వెనుకటి తొమ్మిదింటికి దానిని తగిలించి, మొదటి దానికి మాత్రము తగిలింపకుండుట చాలును. మొదటిదానికి కూడ తగిలించి, జాలపుట మెల్లగా తెఱచుకొనుచున్నదని వాపోవువారు కలరు. అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయపు ముఖపుటపై 2013లో ప్రకటితమైన లెక్క ననుసరించి అట్టి చిత్రములను నొక్కినవారు నూటికి ఒక్కరు మాత్రమే. వారిలోను అత్యధికులు మొదటి బొమ్మనే నొక్కిరి. ఆ ముఖపుటకై పెట్టు ధనమును గ్రంథములు చూపు పుటకు మరలించిన బాగుండును.

తాళపత్రమునకు తన ఆకారమువలన వచ్చు చిక్కులు వేఱు. ఆకు పొడవు, వెడల్పు స్వల్పము. చిత్రమాలికలు సాధారణముగా నిలువు పుటలకో, చతురస్రమునకు దగ్గఱి చిత్రములకో చేయబడినవి. చట్రమును నింపుటకై బొమ్మ యంచులను కోసివేయు అలవాటు వానికి కలదు; ఆకునకు అంచునందే పత్రసంఖ్య యుండును. కోసిన బొమ్మను చూచినవానికి సంఖ్యయే కనబడదు. మఱియొకటి: దిగిన బొమ్మ పరిమాణము వేఱు, విప్పిన బొమ్మ స్మృతిలో నాక్రమించు చోటు వేఱు. 6000 బిందువుల పొడవు, 1000 బిందువుల వెడల్పు గల బొమ్మలో అఱువది లక్షల బిందువులుండును. బిందువునకు నాలుగు బైట్ల చొప్పున అది విప్పబడినప్పుడు 24 మెగాబైట్లను ఆక్రమించును, ఫైలు 2 మెగాబైట్లే అయినను. 240 బొమ్మలను విప్పి యుంచదలచిన యంత్రమునకు ఐదు గిగాబైట్లకు పైబడిన స్మృతి కావలెను. సామాన్యపు ఫోనులో అది సాగదు. బ్రౌజరు పుటనే మూసివేయును. చదువరి మరల తెఱచును, మరల మొదటి ఆకు. అందుచేత ముందు దించుట ఎంత ముఖ్యమో, దాటిపోయిన వానిని స్మృతినుండి విడుచుట యంత ముఖ్యము. దించినది దాపునిల్వలో నుండవచ్చును, విప్పినది ఉండనక్కఱలేదు.

ఈ చిక్కునకు విదేశ గ్రంథాలయములు కనుగొన్న మార్గము బొమ్మను పలకలుగా విభజించి, చదువరి చూచుచున్న భాగమును మాత్రమే పంపుట. 2011లో కొన్ని గ్రంథాలయముల సహకారమున మొదలై ట్రిపుల్-ఐ-ఎఫ్ అను పేర ప్రసిద్ధమైన ఒడంబడిక ప్రకారము బొమ్మ చిరునామాలోనే ఏ భాగము, ఏ పరిమాణము, ఎంత తిప్పవలెను, ఏ రూపమున కావలెను అను కోరికలు వరుసగా నుండును. ఒక గ్రంథాలయపు ఆకును, ఇంకొక గ్రంథాలయపు ఆకును ప్రక్కప్రక్కన నిలిపి పోల్చుటకు దీనివలన వీలు కలిగినది. పాఠపరిష్కర్తకు ఇంతకంటె కావలసినదేమి! అయినను ఇందులో ఒక మెలిక కలదు. ఒక దర్శని 1200 బిందువుల వెడల్పు కోరును, ఇంకొకటి కిటికీని కొలిచి 1187 కోరును. కంటికి భేదము లేదు. చిరునామాకు మాత్రము భేదము కలదు గనుక అవి రెండు వేర్వేఱు బొమ్మలుగా దాపునిల్వలో చేరును, ఒకదానిని రెండవది ఉపయోగించుకొనదు. నాలుగైదు పరిమాణములను ముందే నిర్ణయించి, వానినే కోరునట్లు దర్శనిని కట్టుదిట్టము చేయని యెడల దాపునిల్వ పేరునకు మాత్రమే యుండును.

ఇంతవరకు చెప్పినది సౌకర్యమునకు, వ్యయమునకు సంబంధించినది. అసలు ప్రమాదము వేఱొకచోట నున్నది.

తాళపత్రముపై గంటముతో గీచిన అక్షరములకు మసి పూయనిదే అవి స్పష్టముగా కనబడవు. మసి రాలిపోయిన ఆకును మొదట అట్లే ఛాయాచిత్రము తీసి, కొన్నేండ్లకు శుభ్రపఱచి, మసి పూసి, మరల చిత్రము తీసిరనుకొందురు గాక. మొదటి చిత్రములో తలకట్టు అతికినదో విడివడినదో తెలియక వకారముగా తోచిన అక్షరము రెండవ చిత్రములో స్పష్టముగా పకారము. గ్రంథాలయమువారు పాత ఫైలు పేరుననే క్రొత్తదానిని నిలిపిరి. పాత ఫైలునకు ఏడాది గడువిచ్చియుండిరి. ఇప్పుడు చెన్నపట్టణమున మునుపే ఆ గ్రంథమును చదివియున్న పండితుని యంత్రము దాపునిల్వనుండి పాత బొమ్మనే చూపుచున్నది. కాశీలో క్రొత్తగా తెఱచిన విద్యార్థికి క్రొత్త బొమ్మ వచ్చినది. చిరునామా ఒకటే, పత్రసంఖ్య ఒకటే, పంక్తి ఒకటే. ఒకరు వ అందురు, ఇంకొకరు ప అందురు. ఇద్దఱును తమ కన్నులతో చూచినదియే చెప్పుచున్నారు. ఇట్టి వివాదము పీఠికలకెక్కి, అధోజ్ఞాపికలకెక్కి, ఒకరి ప్రామాణ్యమును ఇంకొకరు శంకించువరకు పోవచ్చును. పూర్వము ప్రతులు రెండుండి పాఠములు రెండుండెడివి. ఇప్పుడు ప్రతి ఒకటే యుండి పాఠములు రెండగుట దాపునిల్వ కల్పించిన విచిత్రము.

గడువు తగ్గించుట దీనికి మందు కాదు. గడువు తగ్గించినకొలది అడుగుటలు పెరిగి పల్లెటూరి చదువరికే కష్టము. గణకశాస్త్రజ్ఞులలో ఒక పాత పరిహాసోక్తి కలదు: ఆ శాస్త్రమున నిజముగా కష్టమైన పనులు రెండేనట, దాచినదానిని రద్దుచేయుట ఒకటి, దేనికైనను పేరు పెట్టుట రెండవది. ఇచ్చట మొదటిదాని చిక్కు రెండవదానివలననే వీడుచుండుట గమనింపదగినది. మాఱిన బొమ్మకు మాఱిన పేరు పెట్టవలెను. ఫైలు పేరులో దాని అంతరంగమునుండి లెక్కగట్టిన వ్రేలిముద్రవంటి సంకేతమును గాని, కనీసము చిత్రము తీసిన తేదీని గాని చేర్చినచో, పాత చిరునామాలో పాత బొమ్మ, క్రొత్త చిరునామాలో క్రొత్త బొమ్మ నిలుచును. అప్పుడు ఏడాది గడువిచ్చినను భయములేదు. ఇది ఎన్నడును మాఱదని చెప్పు ఆజ్ఞను కూడ చేర్చవచ్చును. దానిని 2017లో 8246వ ఆర్.ఎఫ్.సి. నిర్వచించినది, కొన్ని బ్రౌజర్లు దానిని పాటించును. పాత బొమ్మను చెఱపివేయకుండుట కూడ ఇందులో భాగమే. మసి పూయకముందటి ఆకు స్థితి కూడ సాక్ష్యమే కదా. మసి పూసినవాని చేయి జారి అక్షరము మాఱలేదని ఎవరు పూచీ పడుదురు?

బొమ్మలవలె గ్రంథసూచిక నడువరాదు. కర్త పేరు, కాలము, లిపి, పుష్పిక పాఠము దిద్దుబాటు పొందుచుండును. బొమ్మకిచ్చిన ఏడాది గడువునే సూచిక పుటకు కూడ ఇచ్చినచో, అనామకమని తలచిన కృతికి కర్త దొరికిన సంగతి కొందఱు చదువరులకు ఏడాదివరకు తెలియదు. సూచికకు ప్రతిసారి అడిగి వాడుమను ఆజ్ఞ, బొమ్మకు దీర్ఘమైన గడువు: ఈ భేదమును పాటించిన జాలపుట చాలవఱకు సుఖముగా నడచును. రెండింటికి ఒకే యాజ్ఞ నిచ్చుట నిర్మాతకు సులభము, అందుచేతనే తఱచు కనబడును.

మఱియొక దోషము ఇంతకంటె సూక్ష్మము. చదువరి తొందరపడి మీటను మూడుమార్లు నొక్కెననుకొందురు గాక. 41, 42, 43 ఆకులకు మూడు కోరికలు పోయినవి. అవి పోయిన క్రమముననే రావలెనను నియమము లేదు. 43 ముందు వచ్చి తెరపై నిలిచెను. ఆలస్యమైన 41 పిమ్మట వచ్చి దానిని కప్పివేసెను. పైన సంఖ్య 43 అని యున్నది, క్రింద బొమ్మ 41. ఆకుయొక్క అంచును కోసివేసిన చిత్రమాలికలో ఈ తప్పును పట్టుకొను సాధనమే లేదు. విషయము తెలిసిన కావ్యమైనచో చదువరి మేలుకొనును. వైద్యగ్రంథమో, జ్యోతిషమో, ఒక్క ప్రతియే మిగిలిన యక్షగానమో అయినచో 41లోని పాఠము 43లో నున్నట్లు వ్రాసికొని పోవును. దానిని తిరిగి సరిచూడబోయిన మఱియొకడు అది అక్కడ లేదని వ్రాయును. వచ్చిన బొమ్మ ఇప్పటికిని కోరుచున్న బొమ్మయేనా అని చూపుటకు ముందు ఒక్కమాఱు సరిచూచుట, బొమ్మ విప్పబడిన పిమ్మటనే సంఖ్యను మార్చుట: ప్రోగ్రాములో ఇవి నాలుగైదు పంక్తుల పని. చిత్రము తీయునప్పుడే ఆకు ప్రక్కన సంఖ్యగల పలకను, కొలబద్దను ఉంచి వానిని కూడ చిత్రములో చేర్చు పాత అలవాటును మానకుండుట వేయి ప్రోగ్రాములకంటె గట్టి రక్షణ.

పెద్ద బొమ్మ వచ్చులోపల దాని మసక నీడను చూపి చదువరిని ఊరడించు పద్ధతి ఇటీవల ప్రబలినది. అంగడి సరకులకు అది బాగుగనే యుండును. లిపిని చదువువానికి మసక బొమ్మ అబద్ధపు సాక్షి. వొత్తు ఉన్నదా లేదా, సున్న బిందువా పురుగు చేసిన రంధ్రమా అను చోట మసకలో ఒక యూహ మనస్సున పడినచో స్పష్టమైన బొమ్మ వచ్చిన పిమ్మటను అది వదలదు. మార్గము తెగి పెద్ద బొమ్మ అసలే రాకపోయిన యెడల మసకయే మిగులును, ఏ హెచ్చరికయు నుండదు. పూర్తి బొమ్మ వచ్చినదని తెలుపు చిన్న గుర్తు తెరపై నుండవలెను. మసక నీడకు బదులు ఆకు కొలతలకు సరియైన ఖాళీ చట్రమును చూపినచో పుట గంతులు వేయకుండ నిలుచును, అబద్ధమును చెప్పదు.

కొన్ని గ్రంథాలయములు తమ బొమ్మలను ఎవ్వరును దాచుకొనకూడదని ‘నో-స్టోర్’ ఆజ్ఞను విధించుచున్నవి. తస్కరులనుండి నిధిని కాపాడుచున్నామని వారి భావము. తెరపై కనబడినదానిని పట్టుకొనదలచినవానికి తెరను ఛాయాచిత్రము తీయుట ఒక క్షణపు పని. ఈ ఆజ్ఞ వానిని ఆపదు. ఆపునది చదువరిని: ఒకే ఆకును పదిమాఱులు చూచు పాఠపరిష్కర్త పదిమాఱులు దానిని దూరమునుండి దించుకొనవలసి వచ్చును, గ్రంథాలయపు సర్వరు పదిమాఱులు మోయవలసి వచ్చును. అనుమతితో మాత్రమే చూపదగిన గ్రంథములు కొన్ని కలవు. మంత్రశాస్త్రముల విషయమునను, కుటుంబముల ఆధీనమునందలి ప్రతుల విషయమునను యజమానుల యభీష్టమును గౌరవింపవలసినదే. పదిమంది వాడు కంప్యూటరులో అట్టివాని బొమ్మలు దాపున మిగులరాదు. అచ్చట ఆ ఆజ్ఞ ఉచితము. ప్రజల సొమ్ముతో తీసి ప్రజలకై ఉంచిన బొమ్మలకు అది ఉచితము కాదు.

ఒకటి మాత్రము మఱువరాదు: దాపునిల్వ భాండాగారము కాదు. చోటు చాలనప్పుడు బ్రౌజరు దాచినదానిని చెప్పకయే తుడిచివేయును. 2023 అక్టోబరులో బ్రిటిష్ గ్రంథాలయపు యంత్రవ్యవస్థపై దాడి జరిగినప్పుడు అచ్చటి లిఖితగ్రంథముల చిత్రములు నెలల తరబడి జాలమున అందలేదు. భారతీయ భాషల ప్రతులపై పని చేయుచున్నవారును అందులో చిక్కుకొనిరి. తమ యంత్రములో మునుపు చూచిన ఆకులున్నవి గదా అని ధైర్యపడుటకు వీలులేదు. దీనికి భిన్నమైన ఉదాహరణము భారత డిజిటల్ గ్రంథాలయము. కాటూరులో జన్మించి 1994లో ట్యూరింగ్ బహుమానము పొందిన రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహమున సాగిన దశలక్ష గ్రంథ ప్రణాళికతో ముడిపడిన ఆ సేకరణములోని తెలుగు పుస్తకములు పెక్కు తరువాత ఇంటర్నెట్ ఆర్కైవులో చేరినవి. రెండవచోట ప్రతి యుండుటచేతనే అవి నేటికిని అందుచున్నవి. వాని చిత్రముల నాణ్యమును గూర్చిన ఫిర్యాదులు వేఱు విషయము. మాయమైన మంచి చిత్రముకంటె నిలిచిన చెడ్డ చిత్రము మేలు.

జాలపుట నిర్మాణమునకు శాఖ ప్రకటన యిచ్చునప్పుడు రంగులు, ముద్రలు, అధిపతుల ఛాయాచిత్రముల స్థానము వివరముగా వ్రాయబడును. ఎన్ని ఆకులు ముందుగా దించవలెను, మాఱిన చిత్రమునకు పేరెట్లుండవలెను అని వ్రాసిన ప్రకటన అరుదు. ఆ కాగితము తయారగు బల్లవద్ద ప్రతులను పరిష్కరించిన వ్యక్తి ఒకరైనను కూర్చుండుట అవసరము. యంత్రభాష వారికి రానక్కఱలేదు. పత్రసంఖ్య కోసివేయబడుచున్నదని చెప్పగలిగినచో చాలును. పరిష్కర్తలు కూడ తమ వంతు చేయవలసి యున్నది. ప్రతులను పేర్కొనునప్పుడు గ్రంథాలయము పేరు, సంఖ్య, పత్రముతో నిలిచిపోక, చూచిన బొమ్మయొక్క పూర్తి చిరునామాను, చూచిన తేదీని, తాజాగా దించి చూచినదా దాపునిల్వనుండి వచ్చినదా అను సంగతిని కూడ పీఠికలో వ్రాయవలెను. సందేహాస్పదమైన అక్షరము వచ్చినచోట, నిర్ణయమునకు ముందు దాపునిల్వను తుడిచి ఆ యొక్క ఆకును మరల తెప్పించుకొని చూచుటకు అరనిమిషము పట్టును.